మూడు నత్రజనులు

బెంగళూరు పీణ్యాలోని మా ల్యాబులో ఈరోజు అజైడ్ పని. అజైడ్ అంటే వరుసగా మూడు నత్రజని పరమాణువులున్న సమ్మేళనం. అనంతపురం నుంచి వచ్చి కొత్తగా చేరిన అమ్మాయి సోడియం అజైడ్ సీసా మూత తీసి, "అక్కా, ఇది అచ్చం ఉప్పులాగే ఉంది" అంది. స్టీలు స్పాచులా పక్కన పెట్టించి, ప్లాస్టిక్‌ది ఇచ్చాను. ఆమ్లం తగిలితే ఈ తెల్లని పొడి నుంచి హైడ్రజోయిక్ ఆమ్లం పుడుతుందనీ, అది సుమారు 37 డిగ్రీల వద్దే మరుగుతుంది కాబట్టి ఆవిరై ఊపిరిలోకి చేరడం ఎంతో సులువనీ, పైగా అది పేలే గుణమున్న విషమనీ చెప్పాను. డైక్లోరోమీథేన్ అనే ద్రావకాన్ని దీని దరిదాపులకు కూడా రానివ్వకూడదని మరీమరీ చెప్పాను.

ఇంత భయానికీ, ఇంత ఉపయోగానికీ కారణం ఒక్కటే. వరుసగా నిలిచిన మూడు నత్రజనుల్లో రెండు, అవకాశం దొరికితే చాలు, నత్రజని వాయువుగా విడిపోవాలని చూస్తాయి. పీటర్ గ్రీస్ 1864లో ఫినైల్ అజైడ్‌ను తయారుచేసిన తరువాత రసాయనశాస్త్రం ఈ తొందరను మచ్చిక చేసుకుంటూ వచ్చింది. కర్టియస్ చర్యలో ఎసైల్ అజైడ్ (కార్బొనిల్ గుంపుకు అతుక్కున్న అజైడ్)ను వేడిచేస్తే రెండు నత్రజనులు వెళ్ళిపోయి, కార్బన్ గొలుసు మిగిలిన నత్రజని మీదికి జరిగి ఐసోసయనేట్ అనే సమ్మేళనం వస్తుంది. 1919 నాటి స్టౌడింగర్ చర్యలో ట్రైఫినైల్ ఫాస్ఫీన్ కలపగానే బుడగలు లేస్తాయి. తరువాత నీరు చేరిస్తే అమీన్ (NH₂ గుంపు ఉన్న సమ్మేళనం) చేతికొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చర్యలో మాత్రం ఒక్క నత్రజని కూడా పోదు. అజైడ్, ఆల్కైన్ (రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలున్న సమ్మేళనం) కలిసి ట్రయజోల్ అనే ఐదు పరమాణువుల వలయం కట్టడాన్ని జర్మన్ రసాయనవేత్త హ్యూస్‌గెన్ విస్తృతంగా అధ్యయనం చేశారు. కానీ వేడితో చేస్తే రెండు రకాల ఉత్పన్నాలు కలగలిసి వచ్చేవి. 2002లో డెన్మార్క్‌లో మెల్డాల్, అమెరికాలో షార్ప్‌లెస్, ఫోకిన్ బృందం వేర్వేరుగా రాగిని వాడి, వాటిలో 1,4 అనే ఒక్క రకమే వచ్చేలా చేశారు. రాగి జీవకణాలకు విషం కాబట్టి, అమెరికా రసాయనవేత్త బెర్టోజీ 2004లో ఒత్తిడిలో వంగిన సైక్లోఆక్టైన్ అనే వలయాకార ఆల్కైన్‌ను వాడి రాగి అవసరమే లేకుండా చేశారు. కణంలో సహజంగా అజైడ్లు ఉండవు గనుకనే, అంత రద్దీలోనూ ఆ సైక్లోఆక్టైన్ మనం చేర్చిన అజైడ్‌నే తన జతగా వెతుక్కుంటుంది. 2022 రసాయనశాస్త్ర నోబెల్ బెర్టోజీ, మెల్డాల్, షార్ప్‌లెస్‌లకు దక్కినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

మధ్యాహ్నం మేమూ రాగితో ఆ చర్యే చేశాం. మిగిలిపోయిన సోడియం అజైడ్ రాగితో కలిస్తే పేలే రాగి అజైడ్ ఏర్పడవచ్చు కనుక, ముందుగా సోడియం అజైడ్‌తో మేము తయారుచేసుకున్న అజైడ్‌ను నీళ్ళతో బాగా కడిగి శుద్ధిచేశాం. నీరు, టెర్షియరీ బ్యూటనాల్ మిశ్రమంలో కాపర్ సల్ఫేట్ నీలం, సోడియం ఆస్కార్బేట్ చుక్కలు పడగానే పలచబడి పసుపుకు తిరగడాన్ని ఆ అమ్మాయి కళ్ళప్పగించి చూసింది. సాయంత్రానికి ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 2100 cm⁻¹ దగ్గర నిటారుగా ఉండిన అజైడ్ శిఖరం లేదు, అంటే అజైడ్ అంతా చర్యలో కలిసిపోయింది.

చివరికి వ్యర్థాల డబ్బా మీద "అజైడ్ ఉంది, ఆమ్లం కలపరాదు" అని ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ రాయించాను. దాన్ని తీసుకెళ్ళేవారు చదివేది కన్నడమే.