అరుణాచలంలో అమ్మ సంగతి

అమ్మకు గుండె ఆపరేషన్ సవ్యంగా జరిగితే చెప్పుల్లేకుండా గిరి ప్రదక్షిణ చేస్తానని అరుణాచలేశ్వరుడికి మొక్కుకున్నాను. స్వామి దయవల్ల అమ్మ లేచి తిరుగుతోంది. ఈమధ్యే మొక్కు తీర్చుకుని వచ్చాను. అరికాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు.

మొక్కుతో పాటు ఒక చిక్కుముడి కూడా మోసుకెళ్లాను. నాన్న పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉండేది. ఇక అలా కుదరదని అందరం అన్నాం. మరి ఎవరి దగ్గర ఉండాలి? అన్నయ్య తన దగ్గరే అంటాడు. నేను తెచ్చుకుంటానంటే "ఆడపిల్ల ఇంట్లో ఉంటే నలుగురూ ఏమనుకుంటారు" అని మేనత్తలు. ఫోన్ మోగితే చాలు టెన్షన్. కొండ దగ్గర కాసేపు కూర్చుంటే స్వామి ఏదో ఒక దారి చూపించకపోతాడా అనుకున్నాను.

అక్కా నేనూ పౌర్ణమికి వెళ్లాం. ప్రశాంతత కావాలనుకునేవాళ్లు మాత్రం పౌర్ణమికి వెళ్లకండి. 14 కిలోమీటర్ల దారి పొడవునా జనమే, అందులో సగం మన తెలుగువాళ్లే. "అరుణాచల శివ" అనే నోళ్లకన్నా ఫోన్లో అరిచే నోళ్లే ఎక్కువ. కొండ చుట్టూ దారిలో ఉండే లింగాల గుళ్లలో ఒకటైన నిరుతి లింగం దగ్గర ఒకాయన దణ్ణం పెట్టుకుంటూనే స్పీకర్ పెట్టి ప్లాటు బేరమాడుతున్నాడు. చెవులు మూసుకుని శివనామం చెప్పుకుందామంటే ఆ ప్లాటు గజం ఎంతో నాకే తెలుసుకోవాలనిపించింది!

ఆది అణ్ణామలై గుడి దాటాక అసలు కష్టం మొదలైంది. ఎడమ కాలి బొబ్బ చిట్లి, అడుగు వేస్తే ప్రాణం పోయినంత పని. ఆటో ఎక్కేద్దామంది అక్క. మొక్కు కదా, మనసొప్పలేదు. వాయు లింగానికి కాస్త ముందు గట్టు పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు పక్కగా పోతున్న ఒక పెద్దావిడ ఆగింది. డెబ్బై దాటి ఉంటాయి. నుదుటి నిండా విభూతి, చేతిలో గుడ్డ సంచి. "ఉక్కారుమ్మా" అని భుజం పట్టి కూర్చోబెట్టింది. సీసాలో నీళ్లతో నా కాలు కడగబోతే గబుక్కున వెనక్కి లాక్కున్నాను. మా అమ్మకన్నా పెద్దావిడ నా పాదం పట్టుకోవడమేమిటి! మోకాలి మీద ఒక్కటి వేసింది, అల్లరి పిల్లను వేసినట్టు. కాలు మళ్లీ లాక్కుని శుభ్రంగా కడిగి, సంచిలోంచి పాత నూలు గుడ్డ తీసి, రెండు పీలికలు చేసి కట్టింది. ఆవిడ పాదాలు చూశాను. మడమలు నిలువునా పగిలి ఉన్నాయి. వాటికి ఏ గుడ్డా లేదు. డబ్బులివ్వబోతే కొండ వైపు చెయ్యి చూపించి నడిచి వెళ్లిపోయింది. కుబేర లింగం దగ్గర ఎంత వెతికినా కనబడలేదు.

గుళ్లో క్యూ గురించి చెప్పుకోకపోవడమే మంచిది. గంటలకు గంటలు నిలబడ్డాం, తోపులాటలో అక్క గాజులు చిట్లాయి. గర్భగుడి దగ్గరికి వచ్చేసరికి ఆ వేడి మొహానికి కొట్టింది. పంచభూత లింగాల్లో ఇది అగ్ని లింగం కదా. దీపాల వెలుగులో విభూతి రేఖలు ఒక్క క్షణం కనిపించాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతే, ఎవరో పక్కకు నెట్టేశారు. అమ్మ గురించి అడుగుదామనుకున్నది అడగనే లేదు.

మర్నాడు అక్కను గదిలో పడుకోనిచ్చి నేను రమణాశ్రమం వెనక దారిన కుంటుకుంటూ కొండ మీది స్కందాశ్రమానికి ఎక్కాను. భగవాన్ రమణ మహర్షి 16 ఏళ్ల వయసులో ఇల్లు వదిలి 1896లో ఈ ఊరొచ్చారు. రెండేళ్లకు తల్లి అళగమ్మాళ్ వెతుక్కుంటూ వచ్చి, ఇంటికి రమ్మని ఎంత ఏడ్చినా కదల్లేదు. జరగనిది ఎంత చేసినా జరగదు, జరగాల్సింది ఆపినా ఆగదు, మౌనంగా ఉండటమే మేలు అని కాగితం మీద రాసిచ్చారు. అదే తల్లి 1916లో వచ్చి ఆయన దగ్గరే ఉండిపోయింది. 1922 మే 19న, చివరి రోజంతా ఆమె గుండె మీద ఒక చెయ్యి, తల మీద ఒక చెయ్యి వేసి కూర్చున్నారట. అది జరిగింది ఈ స్కందాశ్రమంలోనే. కింద ఆమె సమాధి చుట్టూనే ఇప్పటి ఆశ్రమం పెరిగింది. ఇదంతా చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ ఆ గదిలో కూర్చున్నప్పుడు కొడుకూ తల్లీ అన్నమాట తప్ప ఇంకేమీ తోచలేదు.

కళ్లు మూసుకోగానే శాంతి వచ్చి ఒళ్లో వాలుతుందనుకుంటాం. నాకు ముందు వచ్చింది అన్నయ్య. ఆయన వెనకే మేనత్తలు. బయట కోతుల గోల. భగవాన్ చెప్పిన దారి తెలిసిందే: ఆలోచన వస్తే దాంతో గొడవ పడకుండా, ఇది ఎవరికి వచ్చింది అని అడగడం. నాకు. ఈ నేను ఎవరు? మన విజయనగరం వైపు నుంచి వెళ్లిన కావ్యకంఠ గణపతి ముని 1907లో తపస్సంటే ఏమిటని అడిగితే, 'నేను' అనేది ఎక్కడ పుడుతోందో అక్కడ చూడమన్నారు. జపం చేస్తుంటే ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో గమనించమన్నారు. అంత పండితుడికి చెప్పిన మాట నాబోటిదానికి ఎంత అందుతుంది? అయినా ప్రతి ఆలోచననూ అలా అడుగుతూ కూర్చున్నాను. అడిగేకొద్దీ వాదనల్లో పస తగ్గింది. మాటలు పలచబడ్డాక ఎప్పటిదో అమ్మ గొంతు వినిపించింది. ఐసీయూలో స్పృహ రాగానే అమ్మ అడిగింది, "మన వాకిట్లో ముగ్గు ఎవరేస్తున్నారే?" అని. అప్పుడు మందు మత్తులో ఏదో అంటోందని నవ్వుకున్నాం.

అమ్మకు కావలసింది అన్నయ్య ఇల్లూ కాదు, నా ఇల్లూ కాదు. దేవుడు చెవిలో చెప్పాడని నేననను. ఆ మాట ఎప్పటి నుంచో నాలోనే ఉంది. చుట్టూ రొద తగ్గితే వినబడింది.

ఇంటికొచ్చాక పొద్దున్నే కాసేపు కూర్చుంటున్నాను. చాలా రోజులు కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడంతోనే సరిపోతోంది. కానీ అన్నయ్య నంబరు చూసి చిర్రెత్తినప్పుడు, ఈ కోపం ఎవరికి అని ఒక్కసారి అడిగి ఫోన్ ఎత్తితే గొంతు మారుతోంది. అలా ఎత్తిన రోజే ముగ్గు సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పక్కింటి వాళ్లను రాత్రిపూట తోడు పడుకోమందాం, డాక్టర్ని కూడా అడుగుదాం" అన్నాడు. డాక్టరు గారు మనిషి తోడుంటే ఫర్వాలేదన్నారు.

వచ్చే శుక్రవారం అమ్మను ఊరికి తీసుకెళ్తున్నాం. మొదటి నెల నేనుంటాను, తర్వాత అన్నయ్య. నా సెలవు ఇంకా మంజూరు కాలేదు.