ఆర్మా, ఎక్స్86ఆ?

"ఆయ్, చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ మెషీన్ కొందామనండీ. ఫోన్లో ఉండే ఆర్మ్ చిప్పుదే తీసుకుంటే పోద్ది కదండీ, చార్జింగ్ ఎక్కువసేపు ఆగుద్ది!"

అమలాపురం, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. షాపు కౌంటర్ మీద స్టీమ్ డెక్ (పీసీల్లో ఉండే ఎక్స్86 రకం చిప్పున్న చేతి గేమింగ్ మెషీన్) ఫ్యానొక్కటే గుయ్యిమంటోంది.

ముందు నువ్వాడే ఆటలేంటో చెప్పు తమ్ముడూ. ఆండ్రాయిడ్ ఆటలు, పాత కన్సోళ్ల ఆటలు ఆడించే ఎమ్యులేటర్లూ అయితే ఆర్మ్ బ్రహ్మాండం. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న పీసీ ఆటలంటావా, అవి దాదాపు అన్నీ ఎక్స్86 కోసం రాసినవే. ఆర్మ్ మీద ఫెక్స్, బాక్స్64 లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ కోడ్‌ని ఆట నడుస్తుండగానే తర్జుమా చెయ్యాలి. ఆ బరువంతా సీపీయూ మీదే పడుద్ది. మోసం చేసేవాళ్లని పట్టే యాంటీచీట్ ఉన్న ఆన్‌లైన్ ఆటలైతే చాలావరకు తెరుచుకోనే తెరుచుకోవు.

ఇక చార్జింగ్. 2022 డెక్‌లో బ్యాటరీ 40 వాట్ అవర్లు. చిప్పు 15 వాట్లు, స్క్రీనూ వైఫై వగైరా కలిపి 22 దాటిందంటే 2 గంటలు కూడా రాదు. అదే సెట్టింగ్స్‌లో టీడీపీ (చిప్పు వాడే కరెంటు హద్దు) 8 వాట్లకి కట్టేసి, సెకనుకి ఫ్రేములు 40కి ఆపితే 3 గంటల దాకా లాగొచ్చు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలాకి మాత్రం అదీ చాలదులే, పవర్ బ్యాంక్ ఉండాల్సిందే. 45 వాట్ల పీడీ (యూఎస్‌బీ ఫాస్ట్ చార్జింగ్) ఉన్నది చూసుకో. మామూలు 10 వాట్లదైతే ఆట నడుస్తుంటే బ్యాటరీ దిగుతూనే ఉంటది.