చిన్న మంట

మాది టంగుటూరు పక్క పల్లె. నలభై ఏళ్ళు పొగాకు పండించాను. అందులో ముప్పై ఏళ్ళు అదే ఆకును సున్నంతో నలిపి బుగ్గన పెట్టుకున్నాను. కనుక ఎవరి మీదా నెపం వేయడానికి లేదు.

ఎడమ బుగ్గలో తెల్లమచ్చ పుండయింది, క్యాన్సర్ అన్నారు. చెన్నైలో ఆపరేషన్ చేసి దవడ ఎముకలో కొంత తీసేశారు, ఆపైన రేడియేషన్ ఇచ్చారు. ఏడాది తిరగకుండానే మెడలో గడ్డ తేలింది, అదీ మళ్ళీ కోయడానికి వీల్లేని చోట.

నెల్లూరులో డాక్టరు గారు దాచకుండా చెప్పారు. "పూర్తిగా నయమవుతుందని చెప్పను. పెరగకుండా ఆపి చూద్దాం" అన్నారు. ఒంట్లోని రక్షక కణాలతోనే క్యాన్సర్‌ను కొట్టించే వైద్యం ఇమ్యునోథెరపీ. పూర్తి మోతాదుకు అప్పట్లో నెలకు లక్షలు కావాల్సి వచ్చేది. ఎకరం అమ్మితే ఎన్ని నెలలు వస్తుందో అక్కడే లెక్క వేసుకున్నాను. అప్పుడాయన రెండో దారి చెప్పారు: వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, రోజూ ఎర్లోటినిబ్, సెలికాక్సిబ్ మాత్రలు, మూడు వారాలకోసారి నివొలుమాబ్ అనే ఆ ఇమ్యునోథెరపీ ఇంజక్షన్ 20 మిల్లీగ్రాములు. మామూలుగా రెండు వారాలకు 240 ఇచ్చే మందు అది.

"బావా, చవక మందు పెట్టి చేతులు దులుపుకుంటున్నారు" అన్నాడు మా బావమరిది. నాకు మాత్రం పొగాకు కాల్చే బ్యారన్ గుర్తొచ్చింది. పచ్చాకు కర్రలకు కట్టి ఎక్కించాక మొదట్లో చిన్న మంటే పెట్టాలి. ఆకు పసుపు తిరగకముందే పెద్ద మంట వేస్తే సరుకంతా పాడవుతుంది. ఆ మాత్రలు గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా అడ్డుపడతాయట. ఇంజక్షన్ ఏమో మన రక్షక కణాలకు క్యాన్సర్ వేసిన బ్రేకును విప్పుతుందట. ముంబయి టాటా మెమోరియల్‌లో 151 మంది మీద పరీక్షించారని డాక్టరు గారు చెప్పారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాదికి నూటికి 16 మంది బతికి ఉంటే, ఇంజక్షన్ కలిపినవారిలో 43 మంది ఉన్నారట. మిగతా 57 మంది సంగతి నా భార్య అడిగింది. నేను అడగలేదు.

మందు సీసా 40 మిల్లీగ్రాములది. ఒక సీసా ఇద్దరికి సరిపోతుంది, అందుకని ఇద్దరినీ ఒకే రోజు పిలిచేవారు. నాతో సీసా పంచుకున్నది కావలి ఆమె. ఆమెది వక్కాకు అలవాటు. మేము సింగరాయకొండలో రైలు ఎక్కితే ఆమె కావలిలో ఎక్కేది. "అన్నా, నా సగం నువ్వు తాగేయకు" అనేది, మందు సెలైన్‌లో ఎక్కుతుందని తెలిసి కూడా.

మొదటి రెండు నెలలు మొహమంతా మొటిమల్లాంటి పొక్కులు, నోట్లో పుండ్లు, విరేచనాలు. రాగి జావ, మజ్జిగన్నం తప్ప ఏదీ దిగలేదు. మెథోట్రెక్సేట్ ఆరు మాత్రలు సోమవారం ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా హెచ్చరించారు. నా భార్య క్యాలెండర్‌లో సోమవారాలన్నిటికీ పసుపు బొట్లు పెట్టి, మిగతా రోజుల్లో ఆ డబ్బా బీరువాలో దాచేది. మూడో నెల స్కానులో గడ్డ సగానికి తగ్గింది. తర్వాత నీరసం కమ్మేస్తే పరీక్ష చేయించారు, థైరాయిడ్ పడిపోయింది. దానికీ ఒక మాత్ర.

ఏడో విడతకు రైలు కావలిలో ఆగినా ఆమె ఎక్కలేదు. ఫోను చేస్తే కొడుకు ఎత్తాడు. దగ్గు, ఆయాసం. బ్రేకు విప్పిన రక్షక కణాలు ఆమె ఊపిరితిత్తుల మీదికే తిరిగాయి. స్టెరాయిడ్లు ఇస్తున్నారు, ఇక ఆ ఇంజక్షన్ ఇవ్వరు. ఆసుపత్రిలో నన్ను అడిగారు: సీసా మొత్తానికి కడతారా, మరొకరు దొరికే దాకా ఆగుతారా అని. డబ్బు జేబులోనే ఉంది. అయినా రెండు రోజులు ఆగాను. ఆమె సగాన్ని పారబోస్తుంటే చూడలేననిపించింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. గడ్డ ఉంది, కదలడం లేదు. ఈ ఏడు బ్యారన్ కౌలుకిచ్చేశాను. సోమవారం పొద్దున ఏడింటికి ఫోను మోగుతుంది, కావలి నుంచి. ఆయాసం ఇంకా పూర్తిగా పోలేదు, ఒక్కో మాట ఆగి ఆగి వస్తుంది.

"అన్నా, ఆరూ వేసుకున్నావా?"