నేలపట్టు గట్టుమీద రెండు లెన్సులు

నా పాత 70-300 లెన్సుతో (ఈ అంకెలు మిల్లీమీటర్లు, పెద్దవైతే పక్షి అంత దగ్గరగా కనిపిస్తుంది) తీసిన ఫొటోల్లో పక్షి ఎప్పుడూ కొమ్మమీద చుక్కలాగే ఉండేది. కెమెరా మార్చాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. రెండు కెమెరా-లెన్సు జతల్లో ఏది కొనాలో తేలలేదు, సమీక్షలు చదివేకొద్దీ సందేహాలు పెరిగాయే కానీ తీరలేదు. చివరకు నెల్లూరు మిత్రుడు దారి చూపించాడు. "రెండూ అద్దెకు తీసుకురా. ఏ పక్షుల కోసం కొంటున్నావో వాటి దగ్గరే తేల్చుకుందాం" అన్నాడు. అలా జనవరిలో ఒక శుక్రవారం రాత్రి సూళ్లూరుపేటలో దిగాం.

మా సంచుల్లో రెండు జతలున్నాయి. ఒకటి ఫుల్‌ఫ్రేమ్ (ఫొటో పడే సెన్సార్ చిప్పు పెద్దదిగా ఉన్న) బాడీ నికాన్ జెడ్8, దానికి 180-600 లెన్సు. రెండూ కలిపి మూడు కిలోలు. రెండోది క్రాప్ సెన్సార్ ఉన్న కెనాన్ ఆర్7, దానికి 100-500. ఇది రెండు కిలోలకు కాస్త అటూ ఇటూ. కాగితం మీద చూస్తే 600 ముందు 500 తక్కువే. కానీ ఆర్7 సెన్సార్ చిన్నది, అందులో 32.5 మెగాపిక్సెళ్లు కిక్కిరిసి ఉంటాయి. లెక్క వేసి చూస్తే, అంతే దూరంలో ఉన్న అదే పక్షిమీద ఆర్7, 500 జతకే కొంచెం ఎక్కువ పిక్సెళ్లు పడతాయి. బాడీని, లెన్సును విడివిడిగా పోల్చడం తప్పని నాకు అప్పుడే తెలిసింది.

తెల్లవారేసరికి నేలపట్టు చెరువు గట్టుమీద ఉన్నాం. దొరవారిసత్రం దగ్గర, జాతీయ రహదారికి కూతవేటు దూరంలోనే ఈ చెరువు. నీళ్లలో నిలబడిన కడప అనే జాతి చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు. ఒక్కో చెట్టు ఒక్కో ఊరిలా ఉంది. "పిల్లలున్న గూళ్లు సార్, గట్టు దిగకండి" అని అక్కడి కాపలా ఆయన ముందే చెప్పాడు. ఈ పక్షుల రెట్టలు కలిసిన నీళ్లు పారితే పొలాలకు ఎరువు వేరే అక్కర్లేదని కూడా ఆయనే చెప్పాడు. పక్షుల మీద ఆ ఊరికి ఉన్న ప్రేమలో చెరువుకింది వరిచేలకూ భాగం ఉంది.

మొదటి అరగంట పెద్ద లెన్సుదే. ఎండ ఇంకా రాలేదు. ఎగిరే గూడబాతును స్పష్టంగా పట్టుకోవాలంటే షట్టర్ 1/1600 సెకను అయినా ఉండాలి. ఆ వేగం దగ్గర ఆర్7లో ఐఎస్‌వో (వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచే సున్నితత్వం) 6400 దాటింది, ఈకల సన్నని గీతలు గరుకుగా మారాయి. 180-600 ముందు గాజు 95 మి.మీ. ఫిల్టరు పట్టేంత పెద్దది, 100-500ది 77. రెండిటినీ పూర్తిగా జూమ్ చేసినప్పుడు, ఒకే పక్షి నుంచి పెద్ద లెన్సు దాదాపు రెండింతల వెలుగు పోగుచేస్తుంది. ఆ తేడా తెల్లవారుజామున కంటికే కనిపిస్తుంది.

ఏడున్నరకు ఎండ చెట్లమీదికి వచ్చాక లెక్క మారింది. ముందువరస చెట్టుమీద ఒక గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేప కోసం తడుముకుంటోంది. తల్లి ముక్కుమీది నల్ల మచ్చలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. తెల్లటి పక్షి వెనక ముదురాకుపచ్చ ఆకులున్నాయి, కెమెరాను దాని మానాన వదిలేస్తే ఆకులను చూసి పక్షిని సున్నం కొట్టినట్టు తెల్లబరుస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు, అంటే వెలుగును సగానికి, తగ్గించాను. అడ్డంగా పుల్లలు ఉన్నప్పుడు కంటిని వెతికే ఫోకస్‌ను ఆపేసి ఒకే చుక్కతో కంటిమీద నిలపడం మేలు. ఇవేవీ కొత్త కెమెరాతో పాటు వచ్చే విద్యలు కావు, నా పాత దానితోనూ సాధ్యమే. ఆ పిల్ల కాళ్లు కొట్టుకుంటూ తల్లి మెడను కిందికి లాగుతుంటే నేను మాత్రం చాలాసేపు మీట నొక్కడమే మరిచిపోయాను.

మధ్యాహ్నానికి పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. దారిలో కిరాణా కొట్లో రెండు కిలోల బియ్యం కొని, ఇంటినుంచి తెచ్చిన గుడ్డసంచిలో పోసి కుట్టాం. కారు కిటికీమీద ఆ సంచి పరిచి లెన్సు ఆనిస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. దూరంగా ఫ్లెమింగోల బారు, గులాబీరంగు గీతలా ఉంది. 600కి 1.4 కన్వర్టరు (లెన్సు పొడవును 1.4 రెట్లు చేసే అదనపు గాజు) కూడా తగిలించాం. ఫొటోలో మాత్రం పక్షులన్నీ కరిగిన మైనంలా వచ్చాయి. లెన్సులో లోపమేమీ లేదు. లోతులేని నీటిమీద వేడిగాలి అలలు అలలుగా లేస్తోంది. మధ్యలో గాలి కదిలిపోతుంటే ఎంత పెద్ద గాజు ఉండి ఏం లాభం? మర్నాడు ఉదయం ఏడింటికి అదే చోట, కన్వర్టరు లేకుండా, 500తో తీసినవి ఎన్నో రెట్లు బాగా వచ్చాయి.

ఇంటికి వచ్చాక రెండు రోజుల ఫొటోల్లో దాచుకోదగ్గవి ఏరి, ఒక్కొక్కటీ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశానో చూశాను. నేలపట్టువి చాలావరకు 300కీ 420కీ మధ్యే. రెండోరోజు గట్టుమీద మూడు గంటలు నడిచాక పెద్ద జత మిత్రుడి సంచిలోంచి బయటికి రాలేదన్నది కూడా గుర్తొచ్చింది. నా పక్షులు చెరువు పక్షులు, నాది నడిచి తిరిగే పద్ధతి. అడవిలో నీడపట్టున ఉండే పిట్టల కోసం తిరిగే మనిషినైతే రెండో ఆలోచన లేకుండా పెద్ద గాజే కొనేవాడిని.

100-500ను వాడినదే కొన్నాను, మిగిలిన డబ్బు ప్రయాణాలకు ఉంచాను. ఈ డిసెంబరులో గూళ్లు కట్టే రోజులకే నేలపట్టు చేరాలి. కాపలా ఆయనకు ఆ తల్లీపిల్లల ఫొటో పెద్దది వేయించి తీసుకెళ్తున్నాను.