అభిలాష: పాటలే గుర్తుండిపోయిన ఒక కోర్టు సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం కరెంట్ పోయి ఫోన్‌లో ఏదైనా పాత సినిమా పెడదామని వెతుకుతుంటే అభిలాష కనబడింది, చిన్నప్పుడు టీవీలో ముక్కలు ముక్కలుగా చూసిందే, 'సందెపొద్దుల కాడ', 'నవ్వింది మల్లెచెండు' తప్ప ఏమీ గుర్తులేదు నాకు. పక్కనే బీరకాయలు చెక్కుతున్న అమ్మ "అది యండమూరి నవలరా, అద్దె పుస్తకాల షాపులో మూడు వారాలు తిరిగితే గానీ దొరకలేదు, తీరా చూస్తే ఆఖరి పేజీ ఎవరో చింపేశారు, ముగింపు కోసం హాలుకెళ్ళి చూశా" అంది.

1983 మార్చిలో వచ్చింది ఈ సినిమా, చిరంజీవి హీరో, కోదండరామిరెడ్డి డైరెక్షన్. అదే ఏడాది అదే డైరెక్టర్‌తో చిరంజీవికి ఖైదీ పడింది, ఇక ఆ ఊపులో దీన్ని థ్రిల్లర్‌గా తలుచుకునేవాళ్ళే లేకుండా పోయారు, నాకైతే అది చాలా అన్యాయం అనిపిస్తుంది.

కథ ఏంటంటే ఉరిశిక్ష రద్దు కావాలని తపించే ఒక కుర్ర లాయర్, హత్యకి శిక్ష వేసే సెక్షన్ ఐపీసీ 302 కింద నిర్దోషిని కూడా ఉరికంబం దాకా తీసుకెళ్ళొచ్చని నిరూపించడానికి చెయ్యని హత్యలో తనే కావాలని ఇరుక్కుంటాడు, శిక్ష పడ్డాక అసలు సంగతి బయటపెట్టి దేశం మొత్తాన్ని ఆలోచింపజేయాలని ప్లాన్. కానీ అసలు సంగతి తెలిసిన పెద్దమనిషి సరిగ్గా ఆ టైముకి నోరు విప్పలేని స్థితిలో పడిపోతాడు. అక్కడ నాకు నిజంగా చెమట పట్టింది, ఎందుకంటే అంతవరకూ అది వాదన, అక్కడి నుంచి ఒక మనిషి మెడ. నిజం ఉంటే సరిపోదు, అది చెప్పే నోరు కోర్టుకి రావాలి, ఆ భయాన్ని ఇంత సూటిగా పట్టుకున్న తెలుగు సినిమా నాకింకొకటి తట్టట్లేదు.

ఇప్పుడు చూస్తే డ్యూయెట్లు కథకి అడ్డమే, కాకపోతే ఇళయరాజా పాటలు, ఫార్వర్డ్ చెయ్యబుద్ధి కాదు.

అప్పటి రోజులు కూడా గుర్తుచేసుకోవాలి. 1975 డిసెంబర్ 1న హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఉద్యమంలోని భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరితీశారు, ఆ చర్చ మనవాళ్ళలో ఇంకా ఆరలేదు. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష ఉండొచ్చు గానీ అత్యంత అరుదైన కేసుల్లోనే వెయ్యాలంది. సినిమా వచ్చిన నెల తిరిగేసరికి, ఏప్రిల్ 7న, మిఠూ కేసులో 303 సెక్షన్‌నే కొట్టేసింది, యావజ్జీవం అనుభవిస్తున్నవాడు హత్య చేస్తే జడ్జికి వేరే దారి లేకుండా ఉరే వెయ్యాలనే సెక్షన్ అది. అంటే హాల్లో జనం చూస్తున్నదీ ఢిల్లీలో జడ్జిలు తేలుస్తున్నదీ దాదాపు ఒకే ప్రశ్న.

సినిమా అయ్యాక అమ్మ అడిగింది, "ఆ 302 ఇంకా ఉందా?"

లేదమ్మా, 2024 జూలై నుంచి కొత్త చట్టం, ఇప్పుడది 103 అని చెప్పా.

"మరి ఉరి?"

ఉంది అన్నా. బీరకాయ చెక్కు పచ్చడికని పక్కన పెట్టుకుంది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.