తెల్ల కాగితం మీద ఇసుక

ప్రూఫులు దిద్దేవాడికి చుక్కతోనే పని. 2022 మార్చిలో ఒక సాయంత్రం మా డీటీపీ కుర్రాడు కాగితం పట్టుకొచ్చి, "అన్నా, ఇక్కడ చుక్క తీసేయమని రాశారు. అసలిక్కడ చుక్కే లేదుగా?" అన్నాడు. చూశాను. నిజమే, లేదు. కానీ నాకు పేజీ నిండా చుక్కలే, సన్నటి ఇసుక చల్లినట్టు, ఒక్క క్షణం కుదురుగా ఉండకుండా. చిన్నప్పుడు గాలికి యాంటెన్నా తిరిగిపోతే టీవీలో చుక్కలు వచ్చేవి చూడండి, ఆ చుక్కల వెనక బొమ్మ కూడా కనబడుతూ ఉంటే ఎలా ఉంటుందో అలాగ.

పార్శ్వనొప్పి నాకు కొత్త కాదు. డిగ్రీ రోజుల నుంచీ ఉంది. ముందు చదువుతున్న మాటలో ఒక అక్షరం మాయమవుతుంది. ఆ ఖాళీ అంచున రంపపు పళ్ళలా మెరిసే గీత పుట్టి, వంపు తిరిగి, పెద్దదవుతూ పక్కకి జరిగిపోతుంది. ఇరవై నిమిషాలకి ఎడమ కణత పట్టేస్తుంది. అమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసేది. చీకటి గదిలో పడుకుంటే తెల్లారేసరికి తగ్గేది. ఈసారి మాత్రం నొప్పి తగ్గింది, ఇసుక ఉండిపోయింది.

విజయవాడలో కంటి డాక్టరు చుక్కల మందు వేసి రెటీనా చూశారు. పరీక్షలన్నీ చేసి, "కళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అన్నారు. ఆ మాట విని సంతోషించాలి కదా? నాకు ఏడుపొచ్చింది. ఇంకొకాయన టెన్షన్ అన్నారు. ఇంట్లో దిష్టి తీశారు. తలకి ఎమ్మారై తీయిస్తే అదీ బాగానే ఉంది. ఈలోపు కొత్తవి తోడయ్యాయి. ఎర్ర బస్సు వెళ్ళిపోయాక కూడా దాని నీడ రోడ్డు మీద కాసేపు నిలిచేది. రాత్రి చెవిలో కీచుమనే మోత.

చివరికి గుంటూరులో ఒక న్యూరాలజిస్టు నన్ను పది నిమిషాలు మాట్లాడనిచ్చారు. తర్వాత ఒక్కో కన్నూ మూసి చూడమన్నారు. ఏ కంటితో చూసినా ఇసుక ఒకేలా ఉంది. "అయితే ఇది కంట్లో లేదండీ, చూపును అర్థం చేసుకునే మెదడులో ఉంది" అన్నారు. ఒక్క కంట్లోనే ఉన్నట్టుండి తెర దిగినట్టుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా వెళ్ళాలని గట్టిగా చెప్పారు.

రంపపు గీతను వాళ్ళు 'ఆరా' అంటారట. నేను ఆరా తీయడం అనే ఆరా అనుకున్నాను! మెదడు వెనక భాగంలో ఒక అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుందట. గీత అంత నిదానంగా జరిగేది అందుకే. మామూలుగా 5 నుంచి 60 నిమిషాల్లో ముగుస్తుంది. నా ఇసుకకి ముగింపే లేదు. దీని పేరు విజువల్ స్నో. 1995లో మైగ్రేన్, అంటే పార్శ్వనొప్పి, ఉన్నవాళ్ళలోనే దీన్ని వర్ణించారు కాబట్టి, ఆరాయే ఆగకుండా సాగుతోందని చాలాకాలం అనుకున్నారట. 2014 నాటికి ఇది వేరే జబ్బని తేల్చారు. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది, కానీ మైగ్రేన్ కాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్ళన్నమాట.

ఈ తేడా నాకు మాత్రల దగ్గర బాగా తెలిసొచ్చింది. ఉబ్బసం లేదని అడిగి తెలుసుకుని, మైగ్రేన్ రాకుండా వాడే ప్రొప్రనలాల్ ఇచ్చారు. నెలకి ఏడెనిమిది సార్లు వచ్చే తలనొప్పి రెండుకి దిగింది. ఇసుక గింజ కూడా కదలలేదు. తర్వాత ఇసుక కోసం లామోట్రిజిన్ అనే మూర్ఛ మందు. ఒంటి మీద దద్దుర్లొస్తే వెంటనే ఆపేయమని చెప్పి, వారాల తరబడి మెల్లగా పెంచారు. కొందరికి కొంత పని చేస్తుందట. నాకు చేయలేదు, మానేశాం.

మరి తేరుకున్నది ఎలాగంటే, చెప్పుకోవడానికే చిన్నతనం. రోజూ లేవగానే మంచం ఎదుటి తెల్లగోడ వంక చూసి, ఇవాళ తగ్గాయా పెరిగాయా అని కొలుచుకునేవాణ్ణి. మా ఆవిడ గమనించింది. ఒకరోజు లేచేసరికి ఆ గోడకి పెద్ద తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. తిథులూ, వర్జ్యాలూ, సన్న అక్షరాలూ. చుక్కలు వెతకబోతే రాహుకాలం కనబడింది. ఆ వారం నుంచి కొలవడం తగ్గింది. లేత గులాబి రంగు కళ్ళద్దాలతో ట్యూబులైటు పోటు తగ్గింది. నిద్ర వేళలు మార్చలేదు, పండగైనా సరే.

ఇప్పటికీ ఇసుక ఉంది. సాయంత్రం బ్యారేజీ మీద నిలబడి ఆకాశం చూస్తే బాగా తెలుస్తుంది. ప్రూఫులు మాత్రం మా కుర్రాడు లేత పసుపు కాగితం మీద తీసిస్తున్నాడు. అనుమానమొస్తే కాగితాన్ని కొంచెం జరుపుతాను. అచ్చులో ఉన్న చుక్క కాగితంతో పాటు వస్తుంది. నాది రాదు. మొన్న ఒకటి వచ్చింది. కొట్టేసి పంపాను. ఈసారి కుర్రాడు వెనక్కి తేలేదు.