ములుగు గూడెం నుంచి జెనీవాకి అర్జీ: నా అనుభవం

ఆదివాసీ హక్కుల కోసం నిలబడ్డ మనిషి మీద కేసులు పడితే బయటి దేశాల మద్దతు ఎలా అడగాలి, అసలు అడగొచ్చా అని ఈ మధ్య ఒకరిద్దరు అడిగారు. మేం చేసింది ఉన్నదున్నట్టు రాస్తున్నా. నేను హనుమకొండలో కోర్టు కాగితాలు టైప్ చేసి, అవసరమైతే ఇంగ్లీషులోకి మార్చి ఇస్తుంటాను. 2023 మొదట్లో ములుగు జిల్లా నుంచి ఒక కోయ అక్కను వాళ్ళ లాయర్ నా దగ్గరికి పంపాడు. ఆమె పేరు, ఊరు రాయను. అటవీ హక్కుల కమిటీలో సభ్యురాలు, గూడెంలో అందరి పోడు క్లెయిములు దగ్గరుండి రాయించింది, గ్రామసభలో గట్టిగా మాట్లాడుతుంది. ఆ తర్వాతే చెట్లు నరికిందని, విధులకు అడ్డుపడిందని ఆమె మీద వరసగా కేసులు పడ్డాయి, రాత్రిపూట ఇంటికొచ్చి క్లెయిములు వెనక్కి తీసుకోమని బెదిరించినవాళ్ళు కూడా ఉన్నారు.

2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 4(5) ప్రకారం క్లెయిమ్ పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్ళని భూమి నుంచి ఖాళీ చేయించకూడదు. అక్కకి ఆ సెక్షన్ నోటికొచ్చు. లాయర్ కోర్టులో వాదిస్తున్నది కూడా దాని మీదే. కానీ ఇంటికొచ్చి బెదిరించిన సంగతి ఏ ఫైల్లోనూ లేదు, రేపు ఆమెకేదైనా అయితే ముందే చెప్పింది అనడానికి ఒక్క కాగితం లేదు. మా టెన్షన్ అంతా అదే.

ముందు ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి రాశాం. దీనికి ఫీజు లేదు, తెలుగులోనే రాయొచ్చు, జరిగిన ఏడాదిలోపు పంపాలి. హక్కుల కార్యకర్తల ఫిర్యాదుల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక అధికారి ఉంటారు, కవరు మీద ఆ మాట రాయండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: కోర్టులో నడుస్తున్న విషయాన్ని కమిషన్ తీసుకోదు. అందుకే భూమి కేసు సంగతి పక్కన పెట్టి బెదిరింపుల గురించే రాశాం, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు, అంతే.

రెండోది జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విభాగం. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, అక్కడ కేసు వేస్తే తీర్పు వస్తుందని. రాదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ చేరింది కానీ, వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందంలో మనం లేం. మనకు తెరిచి ఉన్నది స్పెషల్ రాపోర్టర్ల దారి, అంటే ఒక్కో హక్కు సంగతి చూడటానికి ఐక్యరాజ్యసమితి నియమించే స్వతంత్ర నిపుణులు. హక్కుల కార్యకర్తల కోసం ఒకరు ఉంటారు, అప్పుడు మేరీ లాలర్ ఆ బాధ్యతలో ఉన్నారు. ఆదివాసీల హక్కులకు ఇంకొకరు, అప్పుడు గ్వాటెమాలాకు చెందిన మాయా ఆదివాసీ ఫ్రాన్సిస్కో కలీ సాయ్. వాళ్ళకి ఆన్‌లైన్ ఫారం నింపి పంపాలి, ఇక్కడి కోర్టులన్నీ తిరిగాకే రావాలన్న షరతు లేదు. వాళ్ళకి సరిపోతుందనిపిస్తే ప్రభుత్వానికి లేఖ రాస్తారు, జవాబుకి మామూలుగా 60 రోజులు ఇస్తారు, ఆ తర్వాత ఆ లేఖ అందరూ చూసేలా బయట పెడతారు. ప్రభుత్వం జవాబివ్వాలని బలవంతం చేసే అధికారం వాళ్ళకి లేదు. అయినా ఈ మనిషిని ప్రపంచం గమనిస్తోంది అన్న సంగతి రికార్డులో పడుతుంది, మాకు కావాల్సింది అదే.

ఫారంలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది సమ్మతి దగ్గర. బాధితురాలి పేరు ప్రభుత్వానికి చెప్పొచ్చా అని ఒక ప్రశ్న, బహిరంగ నివేదికలో పెట్టొచ్చా అని ఇంకో ప్రశ్న. టిక్ పెట్టి ముందుకెళ్ళే విషయం కాదిది. చదివి వినిపిస్తే అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తమ్మీ, గవర్నమెంటుకు నా పేరు ఎట్లైనా ఎరుకే, చెప్పమను. కానీ నా పిల్లల పేర్లు, ఇల్లు ఎక్కడుందో రాయకు. గా సాక్షుల పేర్లు గూడ వద్దు, ఆళ్ళను నేను అడగలే" అంది. మళ్ళీ గూడేనికి వెళ్ళి సాక్షుల్ని ఒక్కొక్కరినీ అడిగి వచ్చింది. ఒకాయన వద్దన్నాడు, ఆయన చెప్పిన భాగం మొత్తం తీసేశాం. అర్జీ కాస్త బలహీనపడింది, పడనీ. మనం ఊళ్ళో నుంచి వచ్చేస్తాం, ఆయన అక్కడే ఉండాలి కదా.

జత చేయడానికి కావాల్సినవి: ఎఫ్ఐఆర్ కాపీలు, గ్రామసభ తీర్మానం, క్లెయిమ్ ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు, బెయిల్ ఆర్డర్. అన్నిటికీ స్కాన్ కాపీలు చేసి లాయర్ దగ్గర ఒక సెట్ ఉంచాం. రసీదు లేకుండా క్లెయిమ్ ఇచ్చిన గూడేలు చాలా ఉన్నాయి, వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, ముందు రసీదు అడగండి.

ఇక బయటి దేశాల స్నేహితుల సంగతి. వరంగల్‌లో చదువుకుని నార్వేలో ఉద్యోగం చేస్తున్న మా చుట్టాల అబ్బాయి ద్వారా అక్కడి సామీ ఆదివాసీ యువతతో వీడియో కాల్ కుదిరింది. అక్క తెలుగులో చెప్తే నేను ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళు నార్వేలోనే ఫోసెన్ అనే ప్రాంతం గురించి చెప్పారు. రెయిన్‌డీర్లు మేపుకునే నేల మీద కట్టిన గాలిమరలు తమ హక్కుల్ని ఉల్లంఘించాయని 2021 అక్టోబర్‌లో వాళ్ళ సుప్రీంకోర్టే చెప్పింది, అయినా 151 మరలు తిరుగుతూనే ఉంటే 2023 ఫిబ్రవరి చివర్లో ఓస్లోలో మంత్రిత్వ శాఖ ఆఫీసు లోపలే బైఠాయించారు. అక్క నన్ను మళ్ళీ అడిగింది, "గెలిచినంక గూడ తిరుగుతున్నయా?" అవునన్నాను. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదనే 1/70 చట్టం ఉన్నా ఏజెన్సీలో భూములు గిరిజనేతరుల చేతుల్లో ఎలా ఉన్నాయో అప్పుడు ఆమే వాళ్ళకి చెప్పింది. అక్కణ్ణుంచి అది సాయం అడిగే మనిషి, చేసే మనిషి మాట్లాడుకున్నట్టు లేదు. తర్వాత గ్రామసభలో పెట్టి ఫోసెన్ వాళ్ళకి మద్దతుగా ఒక తీర్మానం చేసి పంపారు, నేను టైప్ చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైన కాగితం అది.

వాళ్ళు డబ్బు పంపుతామన్నారు. వద్దన్నాం. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేని సంఘం బయటి డబ్బు తీసుకుంటే అదే ఇంకో కేసు అవుతుంది, మంచి మనసుతో పంపినా సరే. ఒకమ్మాయి అక్క ఫోటో పెట్టి ప్రచారం చేద్దామంది, దానికీ అక్క ఒప్పుకోలేదు. చివరికి ఉత్తరాలు అడిగాం. జిల్లా అధికారులకి మర్యాదగా, నిందలు లేకుండా, సెక్షన్ 4(5) ఎత్తి చూపి, ఆమె భద్రత చూడమని కోరుతూ. వాక్యాలు అక్క ఒప్పుకున్నవే.

బయటి ఒత్తిడి పని చేస్తుందా అంటే ఒడిశాలో వేదాంత కంపెనీ బాక్సైట్ తవ్వకాలకు చూసిన నియమగిరి కొండల సంగతి చూడండి. 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ వేదాంతను తన పెట్టుబడుల నుంచి తప్పించింది, 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాటాలు అమ్మేసింది. అయినా తవ్వకాన్ని ఆపింది 2013లో సుప్రీంకోర్టు చెప్పాక జరిగిన 12 గ్రామసభలు, అన్నిట్లోనూ డోంగ్రియా కోందులు, వాళ్ళ ఇరుగుపొరుగు వద్దనే తీర్మానించారు. ఈ వరస తలకిందులైతే, అంటే ఊళ్ళో బలం లేకుండా బయటి గొంతులే వినిపిస్తే, ఆ మనిషిని విదేశీ చేతుల్లో బొమ్మ అంటారు, దాని దెబ్బ ఆ మనిషికే తగులుతుంది.

ఇప్పుడు ఎక్కడుందంటే, జెనీవా నుంచి అర్జీ అందినట్టు మెయిల్ వచ్చింది, ఆపైన ఏం చేశారో మాకు చెప్పలేదు. కమిషన్ ఫిర్యాదుకి నంబరు ఇచ్చి కింది అధికారుల నుంచి రిపోర్టు అడిగింది. ఉత్తరాలు వచ్చాక ఒక అధికారి అక్కను పిలిచి ఆమె మాట రాసుకున్నాడు, రాత్రి రాకపోకలు ఆగాయి, ఏ కాగితం వల్లో ఖాయంగా చెప్పలేను. కేసులు వాయిదాల మీద నడుస్తున్నాయి, వాయిదా రోజున గూడెం నుంచి ఒక ఆటో నిండా మనుషులు వస్తారు. క్లెయిమ్ ఇంకా గ్రామసభ తర్వాత దాన్ని పరిశీలించే సబ్ డివిజన్ కమిటీ దగ్గరే ఉంది.